అనుమానమును కొలుచు ప్రశ్నాపత్రములు

విద్యార్థుల మనఃస్థితిని తెలిసికొనుటకై అచ్చుప్రశ్నాపత్రములను పాఠశాలలలో పంచవలయునని తల్లిదండ్రులలో కొందఱును, ఉపాధ్యాయులలో కొందఱును ఇటీవల చెప్పుచున్నారు. వీనిలో ఒక రకము అనుమానపు తలంపులను కొలుచునది. ఇతరులు తన్ను గూర్చి గుసగుసలాడుచున్నట్లును, తనకు కీడు తలపెట్టుచున్నట్లును ఎంతమట్టుకు తోచుచున్నదో బాలుడే అంకెలలో వ్రాయవలెను. ఇవి పనికిమాలినవని నేననను. కాని వీనిని తరగతిలో పంచి, పేరు వ్రాయించి, మార్కుల పట్టీవలె వాడుట తగదని నా దృఢాభిప్రాయము.

ఈ పద్ధతి నిన్న మొన్న పుట్టినది కాదు. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయమువారైన హాథవే, మెకిన్లీ అనువారలు 1943లో ప్రకటించిన పెద్ద ప్రశ్నావళిలో అనుమానవ్యాధికి ఒక భాగము ప్రత్యేకముగా నుండెను. అందలి కొన్ని వాక్యములను గ్రహించి 1992లో ఫెనిగ్‌స్టీన్, వానబుల్ అనువారు 20 వాక్యములుగల కొలమానమును కూర్చిరి. దానిని రోగులకొఱకు గాక కళాశాల విద్యార్థులకొఱకు చేసిరి. 2008లో ఇంగ్లండున గ్రీన్ మొదలగువారు 32 వాక్యముల పత్రమును ప్రకటింపగా, ఆక్స్‌ఫర్డు ఆచార్యుడగు డేనియల్ ఫ్రీమన్ ప్రభృతులు దానిని 18 వాక్యములకు కుదించిరి. ఆ కుదింపు 2021లో అచ్చయినది. అందు 8 వాక్యములు జనులు తన్ను గూర్చి చెప్పుకొనుచున్నారను తలంపును, 10 వాక్యములు తన్ను బాధింప జూచుచున్నారను తలంపును కొలుచును. గడచిన నెలను జ్ఞాపకము చేసికొని ప్రతి వాక్యమునకు సున్న మొదలు 4 వఱకు ఒక యంకె వేయవలెను.

ఈ పరిశోధనలవలన మనకొక మేలు కలిగినది. అనుమానము వెఱ్ఱివారి సొత్తని పూర్వులు తలంచుచుండిరి. అది మెట్లుగా నుండునని 2005లో ఫ్రీమన్ మొదలగువారు చూపిరి. నలుగురు నన్ను మెచ్చరేమో యను సంకోచము క్రిందిమెట్టు. నా ప్రాణము తీయుటకు కుట్ర జరుగుచున్నదను నమ్మకము పైమెట్టు. క్రిందిమెట్లపై నిలిచినవారు మనలో అనేకులు. తాను గదిలోనికి రాగానే స్నేహితురాండ్రిద్దఱు మాట మానిరని హాస్టలులో రాత్రియంతయు నిద్రపోని బాలిక రోగి కాదు.

అయినను ప్రశ్నాపత్రమునకు ఒక పెద్ద లోపము కలదు. సమూయేలు మొదటి గ్రంథమును చదివినవారికి అది సులభముగా బోధపడును. స్త్రీలు పాడిన పాటలో తనకంటె దావీదునకు అధికమైన కీర్తి వచ్చెనని విన్నది మొదలు సౌలు అతనిని అనుమానదృష్టితో చూడసాగెను. ఈటె విసరెను. పిమ్మట తన సేవకులందఱును తనమీద కుట్ర పన్నిరని నిందించి, నోబు యాజకులను 85 మందిని ఒక్కదినముననే చంపించెను. ఇక దావీదు మాటయో? రాజు తన్ను చంప వెదకుచున్నాడనియు, జీఫీయులు తన జాడను రాజునకు తెలుపుచున్నారనియు అతడును తలంచెను. ఇప్పుడు ఈ 18 వాక్యముల పత్రమును ఇద్దఱి చేతికిని ఇచ్చితిమనుకొందము. దావీదునకు వచ్చు మొత్తము సౌలు మొత్తమునకు ఏమాత్రమును తగ్గదు, బహుశః మించును! ఒకనిది భ్రమ, రెండవవానిది సత్యము. అంకెలు రెండును ఒక్కటే. సత్యమేదో తెలిసినది యోనాతానువలన. అతడు మొదట స్నేహితుని మాటను నమ్మలేకపోయినను పరిహసింపలేదు; అమావాస్య విందులో దావీదు చోటు ఖాళీగా నున్నప్పుడు తండ్రి కోపమును కన్నులార చూచి నిజము తెలిసికొనెను.

ఇది కేవలము పురాతన వృత్తాంతము కాదు. అమెరికాలో గ్రియర్, కాబ్స్ అను నల్లజాతి మానసికవైద్యులు 1968లో వ్రాసిన గ్రంథమున, తెల్లవారియెడల తమ జనులకుగల అనుమానము అనేకమాఱులు వ్యాధి కాదనియు, బ్రతుకుటకు నేర్చుకొన్న జాగ్రత్త యనియు తెలిపిరి. మన పాఠశాలలకు వచ్చు పిల్లలలో తాతముత్తాతలు ఊరి బావిని ముట్టరాని కుటుంబములవారు తక్కువవారు కారు. అట్టి బాలుడు, తోడివారు నన్ను చూచి నవ్వుచున్నారని 4 వేసినచో, పరీక్షింపవలసినది వాని మనస్సునా, వాని ప్రక్కబల్లనా?

గణితోపాధ్యాయులు ఇంకొక లెక్కను చేయవచ్చును. 1000 మంది పిల్లలలో 10 మందికి నిజముగా వైద్యము కావలెననుకొందము. పదిమందిలో తొమ్మండుగురిని పట్టుకొనుచు, ఆరోగ్యవంతులలో నూటికి పదిమందిని మాత్రము పొరపాటున చూపు పత్రమును తెచ్చితిమనుకొందము. రోగులు 9 మంది చిక్కుదురు. వారితోపాటు 99 మంది ఆరోగ్యవంతులును చిక్కుదురు. ఈ 99 మందికి ఇంటిలోను, వీధిలోను ఏ పేరు వచ్చునో వేఱుగ చెప్పనక్కఱలేదు. పైగా, ఎవడో తన్ను కనిపెట్టుచున్నాడని నిజముగా వణకుచున్న బాలుడు పేరుగల కాగితముమీద నిజము వ్రాయునా? సున్నలు చుట్టి ఇచ్చివేయును. జల్లెడలో నిలువవలసినవాడే జాఱిపోవును.

కావున పత్రమును శిక్షణపొందిన సలహాదారు ఏకాంతమున వాడవలెను. అంకె వేసిన పిదప ‘ఎవరు, ఎప్పుడు, ఏమి చేసిరి’ అని అడుగుటయే అసలు పని. భోజనములో విషము కలిపిరని అన్నము మానిన పిల్లవానికి, తలుపులు బిగించుకొని బడికి రాని పిల్లకు ప్రశ్నాపత్రముతో పనియే లేదు. వెంటనే వైద్యునియొద్దకు తీసికొనిపోవలెను. ప్రార్థన చేయుదము, ప్రార్థించుచునే బండి యెక్కుదము. మ్రొక్కుబడులతో నెలలు గడుపు తల్లిదండ్రులతో నాకు ఏకీభావము లేదు. ఎచటికి పోవలెనో తోచనివారికి భారత ప్రభుత్వము 2022 అక్టోబరు 10న టెలి మానస్ అను ఉచిత సహాయమును నెలకొల్పినది. దాని టెలిఫోను సంఖ్య 14416. మానసికరోగి వివరములు గోప్యముగా నుండవలెనని 2017 నాటి మానసిక ఆరోగ్యరక్షణ చట్టము విధించుచున్నది.

మన పాఠశాలలోనికి ఈ పత్రములు వచ్చుటకు ముందు కార్యనిర్వాహకసంఘమువారు మూడు సంగతులను వ్రాతపూర్వకముగా నిర్ణయింపవలెనని కోరుచున్నాను: వీనిని చదువువారెవరు, ఏ బీరువాలో ఉంచుదురు, ఏనాడు కాల్చివేయుదురు. ఈ మూటికి జవాబు దొరకువఱకు కట్టలు విప్పకుండుటయే మేలు.