దిద్దిన పేపరు విద్యార్థికి చూపించాలి

మన విశ్వవిద్యాలయాల్లో పరీక్ష ఎంత కట్టుదిట్టంగా జరుగుతుందో రాసినవాళ్లందరికీ తెలుసు. ప్రశ్నపత్రం సీలు వేసిన కవరులో గానీ, పరీక్షకు కాసేపటి ముందు పాస్‌వర్డుతో ఆన్‌లైన్‌లో గానీ కేంద్రానికి చేరుతుంది. హాల్లో స్క్వాడ్లు తిరుగుతాయి. జవాబు పత్రం మీద హాల్‌టికెట్ నంబరున్న భాగాన్ని వేరుచేసి బార్‌కోడ్ మాత్రమే మిగులుస్తారు. ఈ జాగ్రత్త అంతా పేపరు దిద్దేవారి బల్ల మీదికి చేరేదాకానే. అక్కడ దానికి దక్కే కొద్ది నిమిషాల్లో ఏం జరిగిందో, 10 మార్కుల ప్రశ్నకు 6 ఎందుకు వచ్చాయో, మిగతా 4 ఎందుకు పోయాయో తెలుసుకునే దారి రాసినవాళ్లకు మామూలుగా ఉండదు. మెమో మీద ఒక అంకె, పక్కన ఒక గ్రేడు వస్తాయి. గోప్యత వల్ల పక్షపాతం తగ్గుతుంది, నిజమే. కానీ న్యాయం జరిగిందని విద్యార్థికి నమ్మకం కలగాలంటే కారణం చెప్పాలి. కారణం చెప్పడం తమ బాధ్యత అని మన విశ్వవిద్యాలయాలు ఇప్పటికీ అనుకోవడం లేదు. నా అభ్యంతరమంతా ఇక్కడే.

ఈ అలవాటు పాతది. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో ఏర్పడ్డాయి. పాఠాలు కాలేజీలు చెప్పుకునేవి. విశ్వవిద్యాలయం పని పరీక్ష పెట్టి పట్టా ఇవ్వడం. పాఠం చెప్పినవారు ఒకరు, ప్రశ్నలు ఇచ్చేవారు మరొకరు, దిద్దేవారు ఇంకొకరు. ఒకరికొకరు తెలియకపోవడమే నిజాయితీకి హామీ అనుకున్నారు. వందలాది అనుబంధ కాలేజీలున్న మన జేఎన్‌టీయూల్లో, ఉస్మానియాలో, కాకతీయలో నేటికీ ఎక్కువ భాగం నడుస్తున్నది ఆ ఏర్పాటే. దాని లోపం కూడా అప్పటినుంచీ తెలిసిందే. చదువు పరీక్షకు లొంగిపోయిందని 1902 నాటి విశ్వవిద్యాలయాల కమిషనే చెప్పింది. స్వతంత్రం వచ్చాక, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 1931 నుంచి 1936 దాకా వైస్‌చాన్స్‌లర్‌గా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948లో వేసిన కమిషన్, ఒకే ఒక్క సంస్కరణ సూచించమంటే పరీక్షల సంస్కరణనే సూచిస్తామన్నది. ఆ నివేదిక వచ్చి 75 ఏళ్లు దాటింది.

దిద్దేవారి తీర్పు ఎంత నిలకడగా ఉంటుందన్న ప్రశ్నకు జవాబు 1935లోనే దొరికింది. ఇంగ్లండులో ఫిలిప్ హార్టాగ్, ఇ.సి. రోడ్స్ ఒక పరిశీలన చేశారు. హార్టాగ్ మనకు కొత్తవాడు కాదు, ఢాకా విశ్వవిద్యాలయానికి తొలి వైస్‌చాన్స్‌లర్. 15 చరిత్ర జవాబు పత్రాలను అనుభవమున్న పరీక్షకుల చేత దిద్దించారు. ఏడాది నుంచి ఏడాదిన్నర గడిచాక అవే పత్రాలను ఆ పరీక్షకుల్లో 14 మందికి మళ్లీ ఇచ్చారు. మొత్తం 210 తీర్పులు. వాటిలో 92 సార్లు ఫలితం మారిపోయింది: పాసైన పేపరు ఫెయిలైంది, ఫెయిలైంది పాసైంది, లేదా క్రెడిట్ (పాస్ కన్నా పై శ్రేణి) వచ్చింది, పోయింది. పేపరు అదే, దిద్దిన చెయ్యి అదే. ఆ పరీక్షకులు అలక్ష్యంగా దిద్దారని ఎవరూ అనలేదు. వ్యాసరూప జవాబును చదివి అంకెగా మార్చే పనిలోనే ఆ తేడా ఉంది. గణితంలోనూ అంతేనని అంతకుముందే 1913లో అమెరికాలో స్టార్చ్, ఇలియట్ చూపించారు. ఒకే జామెట్రీ పేపరును వంద మందికి పైగా టీచర్లకు ఇస్తే ఒకరు 30 లోపు వేశారు, మరొకరు 90కి పైగా వేశారు.

ఈ సంగతి తెలిసినవారికి మన స్పాట్ వాల్యుయేషన్ క్యాంపుల తీరు కలవరం కలిగిస్తుంది. పేపరుకు ఇంత అని డబ్బు. పూటకు ఇన్ని కట్టలని లెక్క. ఫలితాలు ఫలానా తేదీకల్లా ఇవ్వాలని పైనుంచి ఒత్తిడి. దిద్దేవారిలో తక్కువ జీతానికి పనిచేసే కాంట్రాక్టు, ప్రైవేటు కాలేజీల లెక్చరర్లు చాలామంది ఉంటారు. తెలుగు మీడియంలో చదివి వచ్చి బీటెక్‌లోనో డిగ్రీలోనో మొదటిసారి ఇంగ్లీషులో రాస్తున్న పల్లె విద్యార్థికి విషయం తెలిసి ఉంటుంది, వాక్యం తడబడుతుంది. తీరిగ్గా చదివితే ఆ విషయం కనబడుతుంది. తొందరలో తడబాటే కనబడుతుంది. ఆ నష్టాన్ని ఏ బార్‌కోడూ ఆపలేదు.

సాంకేతికతతో ఇదంతా సర్దుకుంటుందని కొందరి ఆశ. ఇక్కడ రెండు రకాల పొరపాట్లను విడదీసి చూడాలి. కూడికలో తప్పు, ఒక జవాబు దిద్దకుండా వదిలేయడం, ఓఎంఆర్ గడిలో ఒక అంకెకు బదులు మరో అంకె దిద్దడం మొదటి రకం. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తెలుగులో సున్నా వచ్చిన ఒక అమ్మాయికి మళ్లీ చూస్తే 99 వచ్చాయి. అది విశ్వవిద్యాలయం కాదు, బోర్డు. అయినా పాఠం అందరికీ ఒకటే. ఆ ఫలితాల తర్వాత ప్రాణాలు తీసుకున్న పిల్లల ఇళ్లలో ఈ రోజుకీ ఆ గాయం మానలేదు. ఇలాంటి తప్పులను కంప్యూటరు ఆపగలదు. కానీ 6 వేయాలా 8 వేయాలా అన్నది రెండో రకం. తెర మీద దిద్దినా కాగితం మీద దిద్దినా ఆ నిర్ణయం చేసేది మనిషే. పైగా తొందరపడితే సాంకేతికతే కొత్త కష్టాలు తెస్తుంది. 2017లో ముంబై విశ్వవిద్యాలయం 17 లక్షలకు పైగా జవాబు పత్రాలను ఒక్కసారిగా తెర మీద దిద్దించబోయి, ఫలితాలు నెలల తరబడి ఇవ్వలేకపోయింది. చాన్స్‌లర్ హోదాలో అప్పటి గవర్నర్, మన కరీంనగర్ ప్రాంతానికి చెందిన చెన్నమనేని విద్యాసాగర్‌రావు జులై 31ని గడువుగా పెట్టారు. ఆ గడువూ దాటింది. అక్టోబరులో వైస్‌చాన్స్‌లర్‌ను తొలగించారు. ఈలోగా పై చదువులకు వెళ్లాల్సినవారికి ఫలితం చేతికి రాలేదు.

ఇక గ్రేడ్లు. నూటికి 67 అన్న అంకెలో లేని ఖచ్చితత్వాన్ని నటించవద్దని, దగ్గర దగ్గరగా ఉన్నవారిని ఒకే మెట్టు మీద ఉంచాలని గ్రేడ్లు తెచ్చారు. ఉద్దేశం మంచిది. యూజీసీ 2015లో చాయిస్ బేస్డ్ క్రెడిట్ సిస్టమ్‌తో పాటు 10 పాయింట్ల గ్రేడ్లను సూచించింది, మన విశ్వవిద్యాలయాలు అందుకున్నాయి. ఇప్పుడు లెక్క చూడండి. జేఎన్‌టీయూ హైదరాబాద్ పద్ధతిలో 70 నుంచి 79 వరకు 8 పాయింట్లు, 60 నుంచి 69 వరకు 7. అన్ని సబ్జెక్టుల్లో 79 తెచ్చుకున్నవారికీ 70 తెచ్చుకున్నవారికీ సీజీపీఏ 8. అన్నిట్లో 69 తెచ్చుకున్నవారికి 7. శాతంగా మార్చడానికి సీజీపీఏ లోంచి 0.5 తీసేసి 10తో గుణిస్తారు. అంటే 70కి 75 శాతం, 69కి 65 శాతం. ఒక్క మార్కు తేడా పది శాతమైంది. ఆ ఒక్క మార్కూ ఎంత చంచలమైనదో హార్టాగ్ పరిశీలన చెప్పనే చెప్పింది. ప్లేస్‌మెంట్లకు వచ్చే కంపెనీలు, విదేశాల్లో ఎంఎస్‌కు దరఖాస్తు పెడితే అక్కడి అడ్మిషన్ల కార్యాలయాలు ముందు చూసేది ఆ మారిన అంకెనే. గ్రేడు మధ్యలో ఉన్నవారికి అది రక్షణ, అంచు మీద ఉన్నవారికి జూదం. పాస్ మార్కు 40కి ఒకటి తక్కువై 39 దగ్గర ఆగినవారికైతే బ్యాక్‌లాగే.

ఇంటర్నల్స్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఎక్కడ ఎంత వాటా ఉన్నా, కొన్ని కాలేజీలు చేతికి ఎముక లేకుండా వేస్తాయని, కొన్ని బిగబట్టి వేస్తాయని విద్యార్థులే చెబుతారు. కాలేజీవారీగా ఇంటర్నల్ సగటును, ఎక్స్‌టర్నల్ సగటును పక్కపక్కన ప్రకటిస్తే చాలు, చాలా మాటలు వాటంతటవే తేలిపోతాయి.

ఫలితం మీద అనుమానముంటే రీకౌంటింగ్, రీవాల్యుయేషన్ ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, డబ్బు కట్టగలిగినవారికి. పేపరుకు ఇంతని ఫీజు. కొన్ని సాంకేతిక విశ్వవిద్యాలయాల్లో ఛాలెంజ్ వాల్యుయేషన్‌కైతే వేలల్లో. తన పేపరులో ఏముందో చూడకుండానే విద్యార్థి ఆ డబ్బు పెట్టాలి. కూలి పనిచేసే తండ్రి కొడుకు నాలుగు సబ్జెక్టులకు కట్టే ముందు రెండుసార్లు ఆలోచిస్తాడు, చివరికి ఊరుకుంటాడు. తప్పు ఎవరి పేపర్లో ఉందో దాన్నిబట్టి కాకుండా ఎవరి జేబులో ఎంత ఉందో దాన్నిబట్టి దిద్దుబాటు జరిగితే దాన్ని న్యాయమని ఎలా అంటాం? చీకట్లో నడిచే చోట అవినీతికీ వీలుంటుంది. అన్నా విశ్వవిద్యాలయంలో 2017 పరీక్షల రీవాల్యుయేషన్‌లో డబ్బు తీసుకుని మార్కులు పెంచారన్న ఆరోపణ మీద 2018 ఆగస్టులో తమిళనాడు విజిలెన్స్ విభాగం మాజీ పరీక్షల నియంత్రణాధికారి సహా 10 మందిపై కేసు పెట్టింది.

చట్టం ఈ విషయంలో విశ్వవిద్యాలయాల కన్నా ముందుకు వెళ్లింది. 1984లో మహారాష్ట్ర బోర్డు కేసులో సుప్రీంకోర్టు, జవాబు పత్రం చూసే హక్కు విద్యార్థికి లేదన్నది. అందరికీ చూపిస్తూ కూర్చుంటే పరీక్షల వ్యవస్థ నడవదన్న భయం అందులో ఉంది. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. 2011 ఆగస్టు 9న సీబీఎస్‌ఈ కేసులో అదే సుప్రీంకోర్టు, దిద్దిన జవాబు పత్రం ఆ చట్టం కింద సమాచారమేనని, రాసినవారు దాన్ని చూడవచ్చని, ప్రతి తీసుకోవచ్చని తీర్పిచ్చింది. పరీక్షకుల పేరు, సంతకం మాత్రం దాచవచ్చని, అది వారి భద్రత కోసమని చెప్పింది. కేంద్ర నిబంధనల ప్రకారం సమాచార హక్కు కింద ప్రతికి పేజీకి 2 రూపాయలు. ఇంత స్పష్టంగా చెప్పాక కూడా మన దగ్గర ఆ పత్రం కావాలంటే విద్యార్థి దరఖాస్తు పెట్టుకుని తిరగాలి. హక్కును సేవగా మార్చాల్సిన బాధ్యత ఎవరూ తీసుకోలేదు.

పేపర్లు చూపిస్తే ప్రతివాడూ మార్కుల కోసం తగువుకు వస్తాడని, లెక్చరర్లు దిద్దడానికే రారని అధికారులు అంటారు. లక్షల పేపర్లున్న చోట అది నిజమైన బెంగ, కొట్టిపారేయను. అయితే ఐఐటీల్లో పాఠం చెప్పిన ప్రొఫెసరే ప్రశ్నపత్రం ఇచ్చి, దిద్ది, గ్రేడు ఖాయం చేసే ముందు పేపర్లు విద్యార్థుల చేతికిస్తాడు. సందేహాలుంటే అక్కడే తేల్చుకుంటారు. తన తప్పు తన కళ్లతో చూసుకున్నవారిలో చాలామంది ఊరుకుంటారు, దాన్నుంచి నేర్చుకుంటారు కూడా. ధాన్యం కొనుగోలు కేంద్రంలో కాంటా రైతు ఎదుటే పెడతారు, అందుకని రోజూ గొడవలు జరగడం లేదు. తూకం చాటున వేసిన చోటే గొడవ. తెర మీద దిద్దించే విశ్వవిద్యాలయాల దగ్గర ప్రతి పేపరు స్కాన్ ఇప్పటికే ఉంది. హాల్‌టికెట్ నంబరుతో లాగిన్ అయితే మెమో కనిపించినట్టే, దిద్దిన పేపరూ, ప్రశ్నవారీ మార్కులూ, క్యాంపులో పరీక్షకులకిచ్చిన వాల్యుయేషన్ స్కీమూ కనిపించేలా చేయడానికి కొత్త యంత్రాలేమీ అక్కర్లేదు.

అంచు మీద పడ్డ పేపర్ల విషయం విద్యార్థి దరఖాస్తుకు వదలకూడదు. 38, 39 దగ్గరా, గ్రేడు మారే అంకెకు ఒకటి రెండు మార్కుల లోపూ ఉన్న ప్రతి పేపరునూ విశ్వవిద్యాలయమే తన ఖర్చుతో మరొకరి చేత దిద్దించాలి. మొదట వేసిన మార్కులు రెండోవారికి కనిపించకూడదు. కనిపిస్తే వాటి చుట్టూనే వేస్తారు. ఇద్దరికీ మధ్య ఎంత తేడా వచ్చిందో సబ్జెక్టువారీగా ఏటా ప్రకటించాలి. దిద్దేవారికి పూటకు ఇచ్చే పేపర్లు తగ్గించి, పేపరుకు ఇచ్చే డబ్బు పెంచాలి. ఖర్చవుతుంది. రీవాల్యుయేషన్ ఫీజులను ఆదాయంగా చూడటం మానేస్తే ఆ ఖర్చు ఎందుకు పెట్టాలో అర్థమవుతుంది. పొరపాటు విశ్వవిద్యాలయానిదని తేలిన ప్రతిసారీ, పెరిగింది ఒక్క మార్కే అయినా, కట్టిన డబ్బు మొత్తం వాపసు చేయాలి.

2011 తీర్పులోనే ఒక మెలిక ఉంది. పత్రం సంస్థ దగ్గర ఉన్నంతకాలమే చూసే హక్కు. గడువు ముగిసి ధ్వంసం చేశాక అడగడానికి ఏమీ ఉండదు. ఎంతకాలం దాచాలో నిర్ణయించేది సంస్థే. అందుకే స్కాన్ ప్రతులను ఆ విద్యార్థి పట్టా చేతికి అందేదాకా ఉంచాలని ప్రతి విశ్వవిద్యాలయం తన పరీక్షల నియమావళిలో రాసుకోవాలి. వచ్చే సెమిస్టర్ ఫలితాల నోటిఫికేషన్‌కు ముందే పాలకమండళ్లు ఆ సవరణ చేయవచ్చు.