లంద లేని పల్లె బొమ్మ (వాడ ముచ్చట – 9)

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కు చదివే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు లక్ష్మా గౌడ్ అంటే ఒక బిట్టు. ఊరు నిజాంపూర్, ఉమ్మడి మెదక్. పుట్టింది 1940. పద్మశ్రీ 2016. ఆన్సర్ పెట్టి ముందుకు పోతం. ఆ బిట్టు దగ్గరనే కాసేపు ఆగమంటున్న.

ఆయన పెన్నూ ఇంకుతో గీసిన మేకలు, ఆడామగా చూడుండ్రి. బరోడాలో చదివొచ్చి కూడా ఊరినే గీసిండు. పూజలు చేసే ఊరు కాదది, కోరికలున్న మనుషుల ఊరు. అందుకు దండం. నా పంచాయితీ ఆయనతోని కాదు. క్యాలెండర్లు, పెళ్లిపత్రికలు, హోటల్ గోడలు ఎక్కిన "పల్లె అందం"తోని. నల్లగీతల్ల జోడెడ్లు, తలపాగా, కడవెత్తుకున్న అక్క. చూసినోళ్లందరూ "అబ్బ, మన మూలాలు" అంటరు.

ఎవరి మూలాలు? లెక్క తీద్దాం. ఎద్దు ఆసామిది. మేపింది జీతగాడు. మోటకు తోలు తొండం కుట్టింది మాదిగ. ఆసామి కాలికి చెప్పు మాదిగది, చెర్నాకోల తోలు మాదిగది. ఎద్దు చచ్చినంక ఈడ్చుకపోయింది కూడా మాదిగనే. ఎద్దు బతికున్నంత వరకే బొమ్మ గీస్తరు. చచ్చినంక జరిగే పని ఎవరూ గీయరు. రాష్ట్ర పుష్పం ఏదంటే తంగేడు అని టక్కున చెప్తం. ఆ తంగేడు చెక్కతోనే తోలు ఊనిన లంద మాత్రం ఏ బిట్టులోనూ రాదు.

"బొమ్మ జనాభా లెక్క కాదు కదన్నా, కళాకారుని ఇష్టం" అంటరు కొందరు. నిజమే, ఒక్క బొమ్మను తప్పుపట్టలేం. కానీ అన్ని బొమ్మల్లోనూ ఒకే మనిషి మాయమైతే అది ఇష్టం కాదు, అలవాటు. ఆ అలవాటు కాయితం మీదనే ఆగదు. 2016 జులైల గుజరాత్ ఉనాలో చచ్చిన ఆవు తోలు తీసిన దళితులను కారుకు కట్టి కొట్టిండ్రు. ఆగస్టుల మన అమలాపురంలో కరెంటు షాకుతో చచ్చిన ఆవు తోలు తీస్తున్న ఇద్దరు దళిత అన్నదమ్ములను చెట్టుకు కట్టి కొట్టిండ్రు. తరతరాలుగా ఊరు చేయించుకున్న పని అది. ఆ పని ఊరి పనుల్లో ఒకటని కొట్టినోళ్లకు ఏ బొమ్మా, ఏ పాఠమూ చెప్పలేదు.

గీయడం కుదరదా? కుదురుతది. కంచ ఐలయ్య పిల్లల కోసం శ్రమ గౌరవం మీద రాసిన ఇంగ్లీషు పుస్తకం 2007లో వచ్చింది. అందుల పశువులు మేపేటోళ్లున్నరు, తోలు పనోళ్లున్నరు. బొమ్మలేసింది దుర్గాబాయి వ్యామ్, గోండు ఆడబిడ్డ.

అశోక్‌నగర్ రూముల్ల రాత్రంతా చదివే తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! రేపు మీలో కొందరు ఆఫీసర్లయితరు. స్కూలు గోడకు, కలెక్టరేట్ గోడకు ఏ పల్లె బొమ్మ వేయించాలనే ఫైలు మీ టేబుల్ మీదికే వస్తది. సంతకం పెట్టే ముందు ఒక్కటే అడగండి: ఇందుల లంద ఏది?

జై భీమ్.