బోటు స్టీరింగ్ మనమే మార్చుకుందామా, మెకానిక్‌ని పిలుద్దామా?



కొంచెం పెద్ద పోస్టు. గోదావరి, శబరి ఒడ్డు ఊళ్ల తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఓపిగ్గా చివరిదాకా చదవండి.

వరదొస్తే మనకి బోటే రోడ్డు, బోటే అంబులెన్సు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు కూనవరం, వీఆర్ పురం, వేలేరుపాడు, కుక్కునూరు వైపు ఊళ్ల పరిస్థితి ఏంటో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. కాబట్టి ఔట్‌బోర్డ్ ఇంజన్ ఉన్న ఫైబర్ బోటుకి స్టీరింగ్ బిగుసుకుపోతే బాగుచేసేది ఎవరు అన్నది చిన్న ప్రశ్న కాదు. మా కుర్రాళ్లలో కొందరు "వీడియో చూసి మనమే మార్చేద్దాం, కూలి మిగులుతుంది" అంటున్నారు. కొందరు "ప్రాణాలతో ఆటలొద్దు, పట్నం నుంచి మెకానిక్‌ని పిలుద్దాం" అంటున్నారు. రెండు మాటల్లోనూ సగం సగమే నిజం ఉందని మా అభిప్రాయం.

ముందు ఆ స్టీరింగ్ ఏ రకమో చూడాలి. చిన్న ఇంజన్లకి చక్రమే ఉండదు, వెనక కూర్చుని పిడి పట్టుకుని తిప్పడమే. చక్రం ఉన్నవాటిలో ఒకటి కేబుల్ రకం, రెండోది ఆయిల్‌తో నడిచే హైడ్రాలిక్ రకం.

కేబుల్ రకం మనం నేర్చుకోగలిగిన పనే. చక్రం తిప్పితే కేబుల్ లోపల కదిలి, ఇంజన్ బ్రాకెట్ గొట్టంలోంచి వెళ్లే రాడ్‌ని తోస్తుంది. దానికి తగిలించిన లింకు ఇంజన్‌ని తిప్పుతుంది. ఎక్కువసార్లు బిగుసుకుపోయేది ఆ గొట్టంలో గ్రీజు ఎండిపోయి, తుప్పు పట్టడం వల్లే. కొత్త కేబుల్ కొనేముందు లింకు విప్పి ఇంజన్‌ని చేత్తో తిప్పి చూడండి. ఇంజనే కదలకపోతే తప్పు ఇంజన్ వైపు ఉంది, కేబుల్ మార్చినా డబ్బు దండగ. ఇంజన్ తేలిగ్గా తిరిగితే అప్పుడు కేబుల్నీ, చక్రం వెనకున్న గేర్‌నీ అనుమానించాలి.

మార్చేటప్పుడు పాత కేబుల్ మీద ముద్రించిన నంబరు, పొడవు చూసి అదే తేవాలి. పొట్టిదైతే అందదు, పొడుగైతే మెలికపడుతుంది. గొట్టం శుభ్రంగా తుడిచి మెరైన్ గ్రీజు రాయాలి. కేబుల్‌ని ఎక్కడా గట్టిగా మడవకూడదు. లోపల నైలాన్ ఉన్న లాక్ నట్లు ఒకసారి విప్పాక మళ్లీ వాడొద్దు, కొత్తవి వేయాలి. అన్నీ బిగించాక చక్రం ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పాలి, ఇంజన్ పైకెత్తి కూడా తిప్పి, ఎక్కడా పట్టేయడం లేదని చూడాలి. తర్వాత ఖాళీ బోటుతో, లైఫ్ జాకెట్లు వేసుకుని, ఒడ్డు పక్కనే నెమ్మదిగా నడపాలి. ఇంత జాగ్రత్త ఎందుకంటే, రోడ్డు మీద బండి ఆగితే పక్కకి తోసుకోవచ్చు. వరద నీటిలో ఒక్క నట్టు ఊడితే బోటు ప్రవాహం చేతిలోకి పోతుంది.

హైడ్రాలిక్ రకం మాత్రం తెలిసినవాళ్లకే వదిలేద్దాం. అందులో గాలి మిగిలితే చక్రం తిరుగుతుంది గానీ ఇంజన్ సరిగ్గా తిరగదు. దానికి చెప్పిన ఆయిల్ కాకుండా వేరేది పోస్తే సీళ్లు పాడైపోతాయి. జనాన్ని ఎక్కించే బోటు, సర్కారు బోటు ఏ రకమైనా సరే, మనం ముట్టుకోకూడదు. అక్కడ పని చేసినవాడి పేరు కాగితం మీద ఉండాలి, జవాబుదారీ ఉండాలి.

అయితే అసలు విషయం కూలి డబ్బులు కాదు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగినప్పుడు ముందుగా చేరుకుంది దగ్గరి ఊళ్ల మనవాళ్లే. 26 మంది ప్రాణాలతో బయటపడ్డారు. మునిగిన బోటుని అక్టోబర్ 22న బయటికి తీసింది కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం. ఆ పనితనం ఏళ్ల తరబడి నీళ్లలో పనిచేస్తే వచ్చింది, వీడియోలు చూస్తే వచ్చింది కాదు. పనితనం మన చేతుల్లోకీ వస్తుంది, కానీ నేర్పేవాడి పక్కన నిలబడితేనే వస్తుంది.

అందుకే మేము చెప్పేది ఇదీ. మొదటిసారి మెకానిక్‌ని పిలుద్దాం, డబ్బులిద్దాం, కానీ ఊరి నుంచి ఇద్దర్ని పక్కన నిలబెట్టి ప్రతి అడుగూ నేర్చుకుందాం. రెండోసారి మనం చేద్దాం, ఆయన్ని చూడమందాం. మూడోసారి నుంచి కేబుల్ పని మనదే. జూన్ రాకముందే కేబుల్, నట్లు, గ్రీజు ఊళ్లో ఉండాలి, ఎందుకంటే దారులు మునిగాక మెకానిక్ రాడు, సామానూ రాదు. చింతూరు, రంపచోడవరం ఐటీడీఏలు మన పిల్లలకి బోటు ఇంజన్ పని నేర్పించాలని అందరం కలిసి అడుగుదాం. ఏటా వరద చూసేది మనం, బోటు బాగుచేసేవాడి కోసం పట్నం వైపు చూసేదీ మనమేనా?

మీ ఊళ్లో బోటు ఉందా? ఏ రకం స్టీరింగ్? ఎవరు బాగుచేస్తున్నారు? రాయండి. పని తెలిసిన అన్నలుంటే ముందుకు రండి, వేసవిలోనే కూర్చుందాం.

జై ఆదివాసీ.