గుహకు పోవద్దనడం కంటే ఎలా పోవాలో నేర్పడం మేలు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని ట్యూటర్ గారు అడిగినప్పుడు, ఈ హాస్టల్లో ఉండి చదువుకొని ఇప్పుడు పి.జి. చేస్తున్న మా బ్యాచ్ వాళ్ళం కూర్చొని మాట్లాడుకున్నాము. చదువు గొప్పతనం గురించి, క్రమశిక్షణ గురించి ప్రతి సంచికలోనూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. మేము మాత్రం ఎనిమిదేళ్ళుగా మన హాస్టల్లో ఆగిపోయిన విహారయాత్రల గురించి రాయదలచుకున్నాము. అవి ఆగిపోవడానికి కారణం మేమే.

అప్పుడు మేము పదో తరగతి. సెప్టెంబరులో ఒక ఆదివారం, మ్యాటినీకి పోతున్నామని వాచ్‌మన్ అన్నకు అబద్ధం చెప్పి, తొమ్మిది మందిమి బేతంచెర్ల బస్సెక్కాము. బిల్లసర్గం గుహలు చూడాలని మా కోరిక. అవి చూశాము. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఆ కొండలోనే ఇంకో పక్క ఒక ఇరుకు బిలం కనిపిస్తే, అది ఎంత దూరం పోతుందో తేల్చాలని పందెం వేసుకొని దూరాము. మా దగ్గర ఉన్న వెలుతురు ఒక కీప్యాడ్ ఫోను టార్చి, ఒక అగ్గిపెట్టె. కాళ్ళకు హవాయి చెప్పులు. రెండు మలుపులు తిరిగాక ఫోను చార్జింగు అయిపోయింది. వెనక్కి తిరిగే తొందరలో మాలో ఒకడు జారి గుంతలో పడ్డాడు. కాలు విరిగింది.

చీకటి అంటే ఏమిటో ఆ రోజే మాకు తెలిసింది. అమావాస్య రాత్రి కూడా చుక్కల వెలుగు ఉంటుంది. లోపల కన్ను తెరిచినా మూసినా ఒకటే. ఏ వైపు నుండి వచ్చామో తొమ్మిది మందిమి తొమ్మిది రకాలుగా చెప్పాము. రెండు గంటలకు పైగా అరిచిన తరువాత, గొర్రెలు కాసుకునే ఒక పెద్దాయన విన్నాడు. "ఎవరు నాయనా లోపల? కదలొద్దండి, యాడున్నోళ్ళు ఆడే ఉండండి" అని బయటి నుండే కేకేసి, మనుషులను పిలుచుకొచ్చి మమ్మల్ని బయటికి తెచ్చాడు. అప్పటికి బయట వాన పడుతోంది. ఆ బిలంలోకి నీళ్ళు రాలేదు. అది మా అదృష్టమే గాని తెలివి కాదు.

2018 జూన్ 23న థాయిలాండులో పన్నెండు మంది ఫుట్‌బాల్ పిల్లలు, వాళ్ళ కోచ్ థామ్ లువాంగ్ అనే గుహలోకి పోయి, వరద నీళ్ళు అడ్డం పడి చిక్కుకుపోయిన సంగతి మీలో చాలామంది వినే ఉంటారు. ఆ వార్తలు టీవీలో వచ్చిన రోజుల్లో మాకు నిద్ర పట్టలేదు. గుహ ముందర వాళ్ళు నిలిపిన సైకిళ్ళు కనబడడంతో లోపల ఉన్నారని తెలిసింది. తొమ్మిది రోజులు వెదికితే గాని వాళ్ళు కనిపించలేదు. జూలై 10 నాటికి అందరూ బయటికి వచ్చారు. కానీ కాపాడేందుకు వెళ్ళిన సమన్ కునాన్ అనే మాజీ నేవీ డైవర్ ప్రాణం పోయింది. మా కోసమైతే ఏ దేశం నుండి ఎవరు వచ్చేవారు? మేము ఎక్కడికి పోయామో హాస్టల్లో ఒక్కరికీ తెలియదు. గుహ ముందర చూసి గుర్తుపట్టడానికి మాకు సైకిళ్ళు కూడా లేవు.

కాలు విరిగినవాని నాయన నాపరాళ్ళ గనిలో కూలి. కూలి పోగొట్టుకొని మూడు రోజులు ఆసుపత్రి వరండాలో పడుకున్నాడు. కొడతాడనుకున్నాము, కొట్టలేదు. "గనిలోకి దిగేటప్పుడు మేము పైన ఒక మనిషిని పెట్టి దిగుతాం గదరా. తొమ్మిది మంది పోయి ఒక్కరినన్నా పైన పెట్టలేదా?" అని మాత్రం అడిగాడు. మాలో ఎవరింట్లోనూ అంతకు ముందు డిగ్రీ చదివినవాళ్ళు లేరు. ఒక్కొక్క ఇల్లు ఒక్కొక్కరి మీద ఆశ పెట్టుకొని ఉంది. ఆ చీకట్లో అందరికీ ముందు గుర్తుకొచ్చింది ఇల్లే.

ఆ తరువాత హాస్టల్లో యాత్రలన్నీ బంద్ అయ్యాయి. అప్పటి వార్డెన్ గారిని మేము తప్పు పట్టడం లేదు. జరగరానిది జరిగితే జవాబు చెప్పుకోవలసింది ఆయనే. కానీ ఎనిమిదేళ్ళ నిషేధం వల్ల ఏమి జరిగింది? పిల్లలు పోవడం మానలేదు, చెప్పి పోవడం మానుకున్నారు. పోయిన దసరాకు మీలో కొందరు ఎక్కడికి పోయి వచ్చారో మాకు తెలుసు. పేర్లు రాయము లెండి.

బెలుం చూపిస్తే చాలదా అని కొందరు పెద్దలు అంటారు. బెలుం తప్పకుండా చూడాలి, ముందు అదే చూడాలి. 3,229 మీటర్ల గుహలో సుమారు ఒకటిన్నర కిలోమీటరు దాకా దారి వేసి, లైట్లు పెట్టి, లోపలికి గాలి ఆడే ఏర్పాటు కూడా చేశారు. కానీ బిల్లసర్గం మన పాఠాల్లోకి రావలసిన చోటు. 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు కలిసి అక్కడ తవ్వితే ఎన్నో జంతువుల ఎముకలు దొరికాయి. వాటిలో ఒక ఖడ్గమృగానికి శాస్త్రవేత్తలు కర్నూలు పేరే పెట్టారు. మన ఎర్రమల కొండల్లో ఖడ్గమృగం! బాగా డబ్బున్న పిల్లలు ట్రెక్కింగ్ అని ఎక్కడెక్కడికో పోయి వస్తారు. మన పిల్లలకు మన కొండ చూడడానికి కూడా అనుమతి లేకపోతే ఎలా?

పోయిన జనవరిలో మేము ఆరుగురం మళ్ళీ వెళ్ళాము. ఈసారి పోకముందే పది రోజులు పని చేశాము. జనవరి ఎందుకంటే వానలు ఉండవు, ఎండ ముదరదు. వానాకాలంలో మన మీద చినుకు పడకపోయినా పైన కొండలో పడిన వాన బిలంలోకి రావచ్చు. ఏప్రిల్, మే నెలల్లో ఆ రాళ్ళ మీద నడక వడదెబ్బకు దారి. ముందు ఇద్దరం ఊళ్ళోకి వెళ్ళి పంచాయతీ వాళ్ళతో మాట్లాడాము. ఏ భూమి ఎవరిది, ఎవరిని అడగాలి అని తెలుసుకున్నాము. అటవీ భూమి అయితే ఫారెస్టు వాళ్ళను అడగకుండా అడుగు పెట్టరాదు. తరువాత ఆ గొర్రెల పెద్దాయన కోసం వెదికి, ఆయననే తోడు రమ్మని అడిగి, ఆ రోజు కూలి ఇచ్చాము. ఏ గుహ నోటి మీద తేనెపట్టు ఉంది, ఏ బిలంలో ముళ్ళపంది ఉంది అని చెప్పగలిగేది ఆయనే. నిజానికి మనం పామును, దయ్యాన్ని తలచుకొని భయపడతాము గాని, కొండ తేనెటీగలు లేస్తే పరిగెత్తడానికి చోటు ఉండదు. పొగ, సెంటు, కేకలు మూడూ వద్దని ఆయన ముందే చెప్పాడు. బీడీ కూడా బస్టాండులోనే ఆర్పించాడు.

వెలుతురు విషయంలో గుహల్లో తిరిగేవాళ్ళ నియమం ఒకటి ఉంది. మనిషికి మూడు లైట్లు, మూడూ విడివిడిగా. తలకు కట్టుకునే లైట్లు మాకు ఒక్కొక్కటి 300 రూపాయల లోపే వచ్చాయి. రెండోది చేతి టార్చి, మూడోది జేబులో చిన్న లైటు, ఇవి కాక కొత్త బ్యాటరీలు. సెల్‌ఫోనును ఈ లెక్కలో కలపలేదు. భవన నిర్మాణంలో పనిచేసే మా చిన్నాయన ఒకాయన దగ్గర ఆరు హెల్మెట్లు అడిగి తెచ్చాము. అవి పెట్టుకొని బస్సులో కూర్చుంటే కండక్టరు నవ్వాడు. లోపల ఎన్నిసార్లు తల తగిలిందో లెక్క లేదు. కాళ్ళకు బూట్లు, మనిషికి మూడు లీటర్ల నీళ్ళు, మెస్‌లో కట్టించుకున్న పులిహోర.

నలుగురి కంటే తక్కువ మంది పోకూడదు. ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు దగ్గర కూర్చోవాలి, మిగిలిన ఇద్దరూ కలిసి బయటికి వచ్చి చెప్పాలి. మాలో నలుగురమే లోపలికి వెళ్ళాము, ఇద్దరు నోటి దగ్గరే ఉన్నారు. లోపల సెల్ పనిచేయదు కాబట్టి, 108కి ఫోను చేయాలన్నా బయట మనిషి ఉండాల్సిందే. ప్రతి మలుపులోనూ ఆగి వెనక్కి తిరిగి చూశాము. పోయేటప్పుడు కనిపించే దారి, వచ్చేటప్పుడు కనిపించే దారి ఒకేలా ఉండవు. ఎనిమిదేళ్ళ కిందట మమ్మల్ని ముంచింది అదే. ఒక చోట గుంత కిందికి దిగుతోంది. గాలి బరువుగా అనిపించి మాలో ఒకరికి తలనొప్పి మొదలైంది. అగ్గిపుల్ల వెలిగితే గాలి మంచిదేనని చాలామంది నమ్ముతారు గాని, అది నమ్మదగిన పరీక్ష కాదు. గుంతల్లో బొగ్గుపులుసు వాయువు చేరి ఉండవచ్చు. ఇంకేమీ ఆలోచించకుండా నలుగురమూ బయటికి వచ్చేశాము. గబ్బిలాలు ఉన్న అరలోకి అసలు పోలేదు. వాటి రెట్ట దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులకు జబ్బు వస్తుంది, పైగా మన టార్చీలు వాటికి ఇబ్బంది. గోడల మీద పేర్లు రాయలేదు, ఎముక ముక్క దొరుకుతుందేమోనని మట్టి తవ్వలేదు.

ఇన్నింటిలో ఖర్చు లేనిది, అన్నింటి కంటే ముఖ్యమైనది ఒక తెల్ల కాగితం. ఆరుగురి పేర్లు, ఇళ్ళ ఫోను నంబర్లు, ఏ గుహ, ఎన్ని గంటలకు లోపలికి, ఎన్ని గంటలకు బయటికి అని రాసి, ఒకటి ఊళ్ళో ఇచ్చాము, ఒకటి కాలు విరిగినవాని నాయనకు ఇచ్చాము. నాలుగు గంటలకు ఫోను రాకపోతే ఐదు గంటలకు పోలీసులకు చెప్పాలని రాశాము. మూడున్నరకు బయటికి వచ్చి ఫోను చేస్తే, ఆయన ఆ కాగితం చేతిలో పట్టుకొనే కూర్చున్నానన్నాడు.

ఇప్పటి వార్డెన్ సార్‌కు మా మనవి ఇది. వచ్చే సంక్రాంతి సెలవుల తరువాత పదో తరగతి వాళ్ళను ఒక ఆదివారం బిల్లసర్గం తీసుకుపోదాం. పిల్లలను వెలుతురు ఉన్న చోటి వరకే తీసుకుపోతాము, ఇరుకు బిలాల వైపు పోనివ్వము. ప్రతి నలుగురికీ మాలో ఒకరు ఉంటారు. తల్లిదండ్రుల సంతకాలు మేమే ఊళ్ళు తిరిగి తెస్తాము. లైట్లు, హెల్మెట్లు మా దగ్గర ఉన్నాయి, తక్కువైనవి మా స్కాలర్‌షిప్పు డబ్బుల్లో కొంటాము. సార్ ఒప్పుకుంటే, రావాలనుకున్నవాళ్ళు ట్యూటర్ గారి దగ్గర పేరు రాయించండి. ఇంటి ఫోను నంబరు లేకుండా పేరు తీసుకోము. హవాయి చెప్పులతో వస్తే బస్టాండు నుండే వెనక్కి పంపిస్తాము.