ఆరు నెలల ఓర్పు

మా మదరసాలో చదువుకునే ఒక పిల్లవానికి గత ఏడాది క్షయ వ్యాధి సోకింది. ప్రభుత్వ ఆసుపత్రిలో కఫం పరీక్షించి, ఆరు నెలలు విడవకుండా మందులు వాడాలని చెప్పారు. రెండు నెలలు గడిచేసరికి దగ్గు తగ్గింది, జ్వరం పోయింది, పిల్లవాడు కాస్త ఒళ్లు చేశాడు. అంతే, తండ్రి మందులు మాన్పించారు. అడిగితే, "దగ్గు పోయింది కదా హజ్రత్, ఇంకా మాత్రలెందుకు? అన్ని మింగితే ఒంట్లో వేడి చేస్తుందట, వాట్సాప్‌లో కూడా వచ్చింది" అన్నారు.

మాకు కోపం ఆగలేదు. "ఇంతటి తెలివితక్కువతనమా?" అని నలుగురి ఎదుటే అనేశాము. ఆయన మారు మాట్లాడలేదు. మరునాటి నుంచి పిల్లవాడు మదరసాకు రావడం మానేశాడు. అంతకుముందు మందు ఒక్కటే ఆగింది. మా నోటి పుణ్యమా అని ఇప్పుడు పాఠమూ ఆగింది.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. పాతికేళ్లకు పైగా చెబుతున్నాము, ఎవరు మారారు, ఈ జనం ఇంతేనా అనిపించింది. ప్రియ కుమారుణ్ణి పోగొట్టుకొని కూడా, అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందవద్దని మిగిలిన కొడుకులకు బోధించిన యాఖూబ్ ప్రవక్త (అలైహిస్సలాం) వృత్తాంతాన్ని ఎన్ని వందల సార్లు పాఠంగా చెప్పామో లెక్కలేదు. ఆ రాత్రి ఆ పాఠం మాకే అవసరమైంది.

ఈ క్షయ విషయంలోనే మన ప్రాంతం నడిచి వచ్చిన దారిని ఒకసారి వెనుదిరిగి చూద్దాం. నాటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె దగ్గర, ఆరోగ్యవరంలో, 1915లో క్షయ రోగుల శానిటోరియం ప్రారంభమైంది. పలు క్రైస్తవ మిషన్లు కలిసి దానిని నెలకొల్పాయి. డెన్మార్క్ దేశస్థుడైన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానికి తొలి వైద్యాధికారి. అప్పటికి క్షయకు మందే లేదు. మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన తిండి, ఇదే వైద్యం. స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నది 1943లో. అంటే దాదాపు మూడు దశాబ్దాల పాటు అక్కడి వైద్యులు, నయం చేసే మందు చేతిలో లేకుండానే రోగులకు సేవ చేశారు.

1948లో మన దేశంలో బి.సి.జి. టీకాలు ప్రయోగాత్మకంగా మొదలైన చోట్లలో మదనపల్లె కూడా ఉంది. 1955లో ఆ టీకాను గట్టిగా వ్యతిరేకించినవారు ఎవరో కాదు, స్వతంత్ర భారతానికి గవర్నర్ జనరల్‌గా, మద్రాసుకు ముఖ్యమంత్రిగా పనిచేసిన రాజగోపాలాచారి. ఆయనను తెలివితక్కువవాడని అనగలమా? పైగా 1968లో చెంగల్పట్టు ప్రాంతంలో మొదలైన పెద్ద పరిశోధనలో, పెద్దవారికి వచ్చే ఊపిరితిత్తుల క్షయను ఈ టీకా ఆపలేకపోతున్నదని తేలింది. అయితే పసిపిల్లల మెదడుకు సోకే ప్రాణాంతకమైన క్షయ నుంచి ఇది కాపాడుతుంది. అందుకే నేటికీ పుట్టిన బిడ్డకు వేస్తున్నారు. సందేహించినవారికి, సమర్థించినవారికి కూడా సమాధానం చెప్పింది ఏళ్ల తరబడి ఓపికగా చేసిన పరిశీలనే.

ఆ తర్వాత శానిటోరియం వంతు వచ్చింది. 1956లో మద్రాసులో నెలకొల్పిన క్షయ చికిత్సా కేంద్రం, రోగులను రెండు జట్లుగా చేసి, కొందరికి శానిటోరియంలో, కొందరికి ఇంటి వద్దనే మందులిచ్చి చూసింది. ఇంటి చికిత్స కూడా దాదాపు అంతే చక్కగా పనిచేస్తుందని 1959లో వెల్లడించింది. నెలల తరబడి ఇల్లూ వాకిలీ విడిచి ఉండే అవసరం అలా తప్పింది. ఆ రోజుల్లో ఏడాదికి తగ్గకుండా సాగిన చికిత్స, రిఫాంపిసిన్ వంటి మందులు వచ్చాక ఆరు నెలలకు తగ్గింది. ఆ తండ్రికి మరీ పొడవనిపించిన ఆరు నెలలు, అలా ఎందరి శ్రమ వల్లనో కురచ అయినవే.

ఇక మా సంగతి. 2017 ఆగస్టులో మన రాష్ట్రంలో తట్టు, రుబెల్లా టీకాలు పిల్లలకు వేస్తున్నప్పుడు, రకరకాల పుకార్లు విని మేమూ తటపటాయించాము. తల్లిదండ్రుల నుంచి ఉత్తరాలు రానివ్వండని ఆరోగ్య సిబ్బందిని తిప్పి పంపాము. వారు మమ్మల్ని నలుగురిలో తిట్టలేదు. మూడోసారి వచ్చి, చాప మీద కూర్చొని, మా ప్రశ్నలన్నింటికీ జవాబు చెప్పారు. అంతటి ఓర్పు మా పట్ల ఇతరులు చూపారని మరచి, మేము ఒక తండ్రిని తూలనాడాము.

మరునాడు ఆ ఇంటికి వెళ్లి, ముందుగా క్షమాపణ కోరాము. అప్పుడు అసలు సంగతి బయటపడింది. ఇంట్లో పెళ్లీడుకొచ్చిన కూతురుంది. ఆశా కార్యకర్త వారం వారం గడప తొక్కితే వీధిలో మాట పుట్టి సంబంధాలు తప్పిపోతాయని వారి భయం. వేడి, వాట్సాప్ అన్నీ పైకి చెప్పే సాకులు. మేము మూర్ఖత్వమని పేరు పెట్టింది ఒక తండ్రి దిగులుకు. అంతలో ఆ పిల్లవాని దాదీ లోపలి నుంచి, "మా అన్న రక్తం కక్కుకొని పోయినప్పుడు నాకు పదేళ్లు. అప్పుడీ మాత్రలే ఉంటేనా!" అన్నారు. ఆ మాట ముందు మా ఉపదేశం ఏపాటిది?

ఒక ఏర్పాటు చేసుకున్నాము. వైద్యులు పిల్లవాణ్ణి మళ్లీ పరీక్షించి చికిత్స కొనసాగించారు. ఆశా కార్యకర్త ఆ ఇంటికి పోకుండా మదరసాకే వచ్చేవారు. ఫజ్ర్ తర్వాత పాఠానికి ముందు పిల్లవాడు మా ఎదుటే మాత్రలు వేసుకునేవాడు. చికిత్స పూర్తయింది. అల్‌హమ్దులిల్లాహ్, పరీక్షలో వ్యాధి లేదని తేలింది.

రెండు వారాలకు మించి దగ్గు ఉంటే ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష, మందులు ఉచితం. చికిత్స సాగినంత కాలం పోషకాహారం కోసం ప్రభుత్వమిచ్చే నెలసరి సాయం 2024 నవంబరు నుంచి వెయ్యి రూపాయలైంది. పాఠకులు ఈ మాట తమ వీధిలో చెప్పగలరు.

చేతిలో మొక్క ఉండగా ప్రళయం వచ్చినా, వీలైతే ఆ మొక్కను నాటమని దైవప్రవక్త (సఅసం) ఉపదేశించారు. మొన్న శుక్రవారం మరో తండ్రి ఫోను పట్టుకొని వచ్చి, టీకా గురించిన ఒక వీడియో చూపారు. కోపం రాలేదని చెబితే అబద్ధమవుతుంది. కూర్చోమని చెప్పి, రెండు చాయలు తెప్పించాము.