చిల్లర నాణెంలో కారణాన్వేషణ

చిల్లర నాణేలలో ముద్రణ దోషాలు వెదకడం ధనాశతో చేసే పని అని చాలామంది అనుకుంటారు. మన పిల్లలకు కారణాన్వేషణ నేర్పడానికి అంతకన్న చౌకైన సాధనం లేదని నా అభిప్రాయం.

1955లో ఫిలడెల్ఫియా టంకశాలలో తయారైన కొన్ని లింకన్ సెంట్లపై అక్షరాలు, సంవత్సరం జంటగా కనిపిస్తాయి. మూలముద్రను ఉక్కు అచ్చుపై రెండోసారి అదిమినప్పుడు అది కొద్దిగా పక్కకు తిరగడమే అందుకు కారణం. కనుక ఆ అచ్చుతో కొట్టిన ప్రతి నాణెంపైనా అదే దోషం ఉంటుంది. నాణెం కొట్టే క్షణంలో అచ్చు కదిలినా జంటరేఖ ఏర్పడుతుంది. కాని అది మెట్టువలె చదునుగా ఉండి, అసలు అక్షరాన్ని సన్నగిల్లజేస్తుంది. సేకరణదారులు దీనికి పెద్దగా విలువ కట్టరు. 2005 నాటి కాన్సాస్ క్వార్టర్లు కొన్నింటిలో ‘ట్రస్ట్’ అనే మాట మొదటి అక్షరం లోపించడానికి అచ్చులో పేరుకొన్న గ్రీజు కారణం. వాడుకలో పడిన గీతలూ, సొట్టలూ టంకశాల దోషాలు కావు.

చలామణి కొరకు సెంట్ల ముద్రణ 2025 నవంబరులో ముగిసింది. ఇంట్లో సీసాలలో మిగిలిన సెంట్లను బ్యాంకుకు ఇచ్చేముందు పిల్లల చేతికి ఒక భూతద్దం ఇవ్వండి. “ఎంత పలుకుతుంది?” అని అడగడానికి ముందు “ఇది ఎలా జరిగింది?” అని అడగడం నేర్పండి.