డైరీ మారితే సరిపోదు

కొత్త సంవత్సరం వచ్చింది. ఉద్యోగ సంఘాల డైరీలు, విద్యార్థి సంఘాల క్యాలెండర్ల ఆవిష్కరణలు జోరుగా సాగుతున్నాయి. సిగరెట్ మానేస్తానని ఒకరు, తెల్లారి లేచి చదువుకుంటానని మరొకరు డైరీ మొదటి పేజీలో రాసుకుంటున్నారు. సంక్రాంతి దాటేసరికి తీర్మానం అటకెక్కుతుంది. డైరీ పాలపద్దుకు పనికొస్తుంది. మాట ఇచ్చిన రోజు ఉన్న పట్టుదల గడువునాటికి ఉండదు. ఒక మనిషి విషయంలో ఇది చిన్న సంగతే. ఒక ప్రాంతం విషయంలో మాత్రం తరాలు నష్టపోతాయి. అది తెలంగాణకు తెలిసినంతగా మరెవరికి తెలుసు?

1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం జరిగింది. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉపముఖ్యమంత్రి మరో ప్రాంతం వారు ఉండాలన్నారు. అదే ఏడు నవంబర్ 1న ఏర్పడ్డ ప్రభుత్వంలో ఉపముఖ్యమంత్రే లేడు. 1985 డిసెంబర్ 30న, సరిగ్గా ఏడాది చివర్లో, 610 జీవో వచ్చింది. నిబంధనలకు విరుద్ధంగా వచ్చిన స్థానికేతరులను 1986 మార్చి 31లోగా వారి వారి జోన్లకు పంపాలని అందులో రాశారు. ఆ గడువు పోయింది. అమలు సంగతి తేల్చడానికి గిర్‌గ్లానీ కమిషన్ వేసింది 2001లో!

మోసం చేసినవారి నేరం వారిదే. కానీ ఈ చరిత్రలో మనకూ ఒక పాఠం ఉంది. తెలంగాణ అడగలేదని ఎవరూ అనలేరు. 1969లో విద్యార్థులు ప్రాణాలిచ్చి అడిగారు. అయితే ఉద్యమం ఎగిసినప్పుడు ఫైలు కదిలింది, చల్లారగానే పడుకుంది. రెండు ఉద్యమాల నడుమ రోజూ అడిగే అలవాటు మనకు బలపడలేదు. భావవ్యాప్తి, ఆందోళన, రాజకీయ ప్రక్రియ అని జయశంకర్ సార్ మూడు మార్గాలు చెప్పారు. అందులో మొదటిది ఒక్కరోజు సభతో అయ్యేది కాదు. ఏండ్ల తరబడి ఓపికగా చేసే పని అది.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. దాంతోపాటు ఒక చెడ్డ అలవాటూ వచ్చింది. ‘మనోళ్లే కదా’ అని ఊరుకోవడం! 2022 అక్టోబర్‌లో జరిగిన గ్రూప్-1 ప్రిలిమ్స్ పేపర్ లీకై 2023 మార్చిలో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ పెట్టిన పరీక్షనూ హైకోర్టు రద్దు చేసింది. 2021 డిసెంబర్ నాటి 317 జీవోతో ఎందరో ఉద్యోగులు సొంత జిల్లాకు దూరమయ్యారు. స్థానికత కోసం కొట్లాడిన గడ్డమీద స్థానికత కోసమే ధర్నాలు చేయాల్సి వచ్చింది. ఏ పార్టీ గద్దెమీద ఉన్నా అడగాల్సింది అడగాల్సిందే. మనవాళ్లయితే మరింత గట్టిగా అడగాలె.

అందుకే ఈ ఏడు డైరీని మరో తీరుగా వాడుదాం. ప్రభుత్వం ఏ తేదీన ఏ మాట ఇచ్చిందో, జీవో నంబరెంతో, గడువెప్పుడో రాసుకుందాం. ఆ జీవోను ఎవరో చెబితే వినకుండా మనమే చదువుదాం. గడువు దాటిన మర్నాడే దరఖాస్తు పెడదాం. 2005 సమాచార హక్కు చట్టం ప్రకారం 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే అప్పీలు ఉంది. ప్రతి హాస్టల్ నుంచి నెలకొక దరఖాస్తు కదిలితే చాలు, ఫైళ్లకు నిద్రపట్టదు.

ఉద్యోగ మిత్రులకూ ఒక మాట. 2011లో మీరు 42 రోజులు సకల జనుల సమ్మె చేశారు. జీతాల్లేకున్నా నిలబడ్డారు. పల్లెలు మీకు అండగా నిలిచాయి. ఆ పల్లె నుంచే ఇవాళ ఒక రైతు పట్టాదారు పాస్‌బుక్కు పట్టుకొని మీ బల్ల ముందుకు వస్తున్నాడు. ‘రేపు రా’ అనే మాట ఈ సంవత్సరం మానేయండి. పని కాకుంటే ఎందుకు కాదో, ఎప్పటికి అవుతుందో కాగితం మీద రాసివ్వండి. ఇతరులను గడువు అడిగే హక్కు, మన గడువు మనం నిలబెట్టుకున్నప్పుడే ఉంటుంది.

రాష్ట్రం కోసం కొట్లాడటం ఒక తరం చేసిన పని. రాష్ట్రాన్ని సోయిలో ఉంచడం రోజూ చేయాల్సిన పని. దానికి జనవరి ఒకటే ముహూర్తం కానక్కర్లేదు. జనవరి రెండున కూడా గుర్తుంటే అదే కొత్త సంవత్సరం.

జై తెలంగాణ!